కుర్చీలు వెయ్యకండి

దసరాకో సంక్రాంతికో అందరూ ఇల్లు చేరతారు కదా, పాతకాలపు కట్టూబొట్టుతో ఒక సాయంత్రం డాబా మీద కోలాటం ఆడుకుంటే ఎలా ఉంటుందన్న ఆలోచన ఈ మధ్య చాలామంది తల్లిదండ్రులకు వస్తోంది. మంచి ఆలోచన. అయితే వెంటనే మైకు సెట్టువాడికీ, అద్దె దుస్తుల షాపుకీ, వీడియో తీసే కుర్రాడికీ ఫోన్లు వెళ్లిపోతాయి. ఆ మూడు ఫోన్లూ కొన్నాళ్లు ఆపమని నా మనవి. పిల్లలు స్టేజి మీద, పెద్దలు ఎదురుగా కుర్చీల్లో ఉండే కార్యక్రమాలు బడి వార్షికోత్సవంలో ఎలాగూ ఉన్నాయి. ఇంట్లోనూ అదేనా? కోలాటం, బతుకమ్మ, గొబ్బి ఇవన్నీ గుండ్రంగా తిరుగుతూ ఒకరి మొహాలొకరు చూసుకుంటూ ఆడేవి. బయట కూర్చుని చూసేవాళ్లకు సగంసేపు కనిపించేది వీపులే. కాబట్టి అమ్మా నాన్నా కూడా దిగాల్సిందే. రాదంటారా, రానివాళ్లందరూ పిల్లలతోపాటే మొదటి పాఠానికి కూర్చోండి.

కనీసం నెల రోజుల ముందు మొదలుపెట్టాలి. ఏ ఆట అన్నది పిల్లల వయసును బట్టి తేల్చుకోండి. బాగా చిన్నవాళ్లుంటే బతుకమ్మ అడుగే హాయి. పక్కకు ఒక అడుగు వెయ్యడం, ముందుకు వంగి చప్పట్లు కొట్టడం, మళ్లీ లేవడం, అంతే. ధనుర్మాసంలో గొబ్బెమ్మల చుట్టూ చప్పట్లతో తిరిగే ఆట కూడా చిన్నవాళ్లకు ఇంతే సులువు. ఎనిమిదేళ్లు దాటినవాళ్ల చేతికి కోలలు ఇవ్వొచ్చు. పైనుంచి తాళ్లు వేలాడదీసి, ఆడుతూ ఆడుతూ జడలా అల్లి, ఎదురు అడుగులతో మళ్లీ విప్పే జడకోలాటం చూడ్డానికి ఎంతో ముచ్చటగా ఉంటుంది కానీ, మొదటి ఏడాది దాని జోలికి పోవద్దు. ఒక్కరు తప్పితే తాళ్లన్నీ చిక్కుపడతాయి, తప్పిన పిల్ల మీదే అందరి కళ్లూ పడతాయి.

నేర్పేవాళ్ల కోసం యూట్యూబు తెరిచే ముందు దగ్గర్లోని భజన మండలిని అడగండి. తిరుమల బ్రహ్మోత్సవాల్లో వాహనాల ముందు కోలాటం ఆడుతూ సాగే బృందాలను చూసే ఉంటారు. వాళ్లలో ఇంటిపనులు ముగించుకుని సాయంత్రాలు సాధన చేసే మామూలు గృహిణులు ఎందరో. అలాంటి అక్కనో పిన్నినో ఇంటికి పిలవండి. ఆటో ఛార్జీలకు తోడు గంటకింత అని ముందే మాట్లాడుకుని ఇవ్వండి. ‘తెలిసినావిడే కదా’ అని కాఫీతో సరిపెట్టడం పద్ధతి కాదు. కోలాటంలో ఒక్కో అడుగుల అమరికను కోపు అంటారు. ఆవిడకు చాలా కోపులు వచ్చి ఉంటాయి, అన్నీ నేర్పాలని ఉత్సాహపడతారు కూడా. మీరు మాత్రం రెండే అడగండి.

మొదటిరోజు కోలలు అసలు బయటికి తియ్యొద్దు. జతలుగా ఎదురెదురుగా నేల మీద కూర్చోబెట్టి ఉత్త చేతులతో లెక్క పట్టించండి. తన రెండు చేతులూ ఒకసారి, ఎదుటివాళ్ల కుడిచెయ్యి ఒకసారి, మళ్లీ తనవి, తర్వాత ఎదుటివాళ్ల ఎడమచెయ్యి. చెమ్మచెక్క ఆడిన పిల్లలైతే ఇట్టే పట్టేస్తారు. అదే లెక్క రెండోసారి కూర్చునే కోలలతో. ఆ తర్వాత నిలబడి, కదలకుండా. చెయ్యి దానంతటది పోతోందని తోచాకే అడుగు చెప్పాలి. చెయ్యీ కాలూ ఒకేసారి నేర్పబోతే పిల్లలు రెండూ వదిలేసి నవ్వులాటలో పడతారు, పెద్దలు రెండూ వదిలేసి విసుక్కుంటారు. అడుగు వచ్చాక లోపలి వరస ఒకవైపు, బయటి వరస ఎదురువైపు తిరగడం నేర్పండి. ఇక్కడే ఆటకు రుచి పుడుతుంది. కోలకు కోల తగిలించి ముందుకు జరిగేసరికి ఎదుట కొత్త మనిషి ఉంటాడు. పదేళ్ల పిల్లవాడికి ఒక దరువుకు మేనత్త, మరో దరువుకు తాతయ్య, ఆ తర్వాత రెండేళ్లుగా ఫోన్లో తప్ప చూడని బాబాయి కూతురు.

తప్పితే ఏం చెయ్యాలో రెండో కోపుకన్నా ముందే నేర్పండి. లెక్క పోయినవాళ్లు ఉన్నచోటే ఆగి, కోలలు రెండూ పైకెత్తి పట్టుకోవాలి. పక్కవాళ్లు వాళ్లను దాటుకుని వెళ్లిపోతారు. పల్లవి మళ్లీ వచ్చినప్పుడు మొదటి దెబ్బతో కలిసిపోవచ్చు. ఆట ఆపి, ‘ఎవరు తప్పారు?’ అని అడిగే పెద్దమనిషి ప్రతి ఇంట్లోనూ ఒకరుంటారు. ఆయనకు ముందే చెప్పి ఉంచండి.

కోల పొడవు పిల్లల మోచేతి నుంచి వేలికొస దాకా ఉంటే చాలు. గరుకు కాగితంతో రుద్ది పేళ్లు లేకుండా చూసుకోండి. కింది కొసన పట్టుకోవాలి, దెబ్బ పైభాగంలో తగలాలి, అదీ ఛాతీ ఎత్తులోనే. కంటి ఎత్తుకు లేచిన కోల ఎవరిదైనా సరే, ఆ ఒక్కదానికీ ఆట ఆపొచ్చు. సాధన పూటకు అరగంట మించొద్దు. ఎనిమిది జతలకు పదిహేను అడుగులైనా అడ్డంకుల్లేని చోటు కావాలి. అపార్టుమెంటు టెర్రస్ అయితే కింది అంతస్తువాళ్లకు ముందే చెప్పి, వీలైతే వాళ్లనూ ఆటలోకి పిలవండి.

పాట గురించి నాకు కొంచెం పట్టుదల ఉంది. రికార్డు పాట పెట్టొద్దు. కోలాటం నెమ్మదిగా మొదలై, అందరి చేతులూ కుదిరాక వేగం అందుకుంటుంది. ఆ వేగాన్ని పాడేవాళ్లు ఆడేవాళ్లను చూసుకుంటూ పెంచుతారు. స్పీకర్లోంచి వచ్చే పాట ఎవరినీ చూడదు. ఐదేళ్ల పిల్ల వెనకబడిందని అది ఆగదు. ఒకరు చరణం పాడితే మిగతావాళ్లు అందుకునే పాటైతే చాలు, గొంతు గొప్పగా ఉండక్కర్లేదు. నానమ్మకో అమ్మమ్మకో ఒకటి రెండు పాటలు గుర్తుండే ఉంటాయి. సగమే గుర్తుందంటే ఆ సగమే పాడించండి. ఆట నేర్చుకునే పిల్లలకు పాట తిరిగి తిరిగి రావడమే మేలు. జత తాళాలు, దొరికితే ఒక డోలక్, అంతకుమించి అక్కర్లేదు.

ఇక వేషాలు. ‘పాతకాలం’ అంటే ఏ కాలమో ముందు ఇంట్లో తేల్చుకోండి. లేకపోతే ఒకరు రాజకుమారిలా, ఇంకొకరు పెళ్లికూతురిలా, మరొకరు సీరియల్లో అత్తగారిలా తయారవుతారు. నా సలహా, మీ తాతమ్మలూ తాతలూ పిల్లలుగా ఉన్న రోజులు పెట్టుకోండి. ఫొటోలు ఉంటాయి, అడిగితే చెప్పేవాళ్లుంటారు, బట్టలు బీరువాలోనే దొరకొచ్చు. ఆడపిల్లలకు పరికిణీ, జాకెట్టు. పెద్దపిల్లలకు ఓణీ. అప్పట్లో పరికిణీ అంచు దగ్గర మడతలు పెట్టి కుట్టి, పిల్ల ఎదిగేకొద్దీ ఒక్కోటి విప్పేవారు. ఇప్పుడూ అలా కుట్టించండి, ఇంకో రెండేళ్లు వస్తుంది. నారాయణపేట నేతచీర, మంగళగిరి నూలు, అమ్మమ్మ పాత గద్వాల, ఇంట్లో ఏది ఉంటే అది. బామ్మ గోచీ పోసి చీర కట్టడం చూపిస్తానంటే ఆ అవకాశం వదలొద్దు, ఆడడానికి అంత వీలైన కట్టు మరోటి లేదు. మగపిల్లలకు నిక్కరు మీద పంచె, నడుముకు బెల్టు. వెల్‌క్రో అతికించిన రెడీమేడ్ పంచె తెచ్చినా ఎవరూ వెక్కిరించకండి.

నగల విషయంలో మాత్రం గట్టిగా ఉండండి. గాజు గాజులు వద్దు, కోల తగిలితే పగిలి గుచ్చుకుంటాయి. పొడుగు హారాలు కోలకు తగులుకుంటాయి. బరువైన జడగంటలు చిన్నపిల్లల మెడకు అరగంటలోనే నొప్పి తెస్తాయి, పూలజడ చాలు. బంగారం లాకర్లోనే ఉండనివ్వండి. పిల్ల నాకు ఓణీ వద్దంటే బలవంతపెట్టకండి, సల్వార్ వేసుకున్నా కోల అలాగే మోగుతుంది. ‘బెస్ట్ కాస్ట్యూమ్’ బహుమతి పెట్టే ఆలోచన ఉంటే ఇప్పుడే మానుకోండి. అక్కణ్ణుంచి ఆ సాయంత్రం తల్లుల మధ్య పోటీగా మారుతుంది.

పిల్లలు ఎలాగూ అడుగుతారు, ఇది ఎంత పాతది అని. వేల ఏళ్లు అని ఊరికే అనేయకండి, నిజమే చెప్పండి, నిజం ఇంకా బావుంటుంది. కాకతీయ గణపతిదేవుని గజసేనాని జాయప 1253-54 ప్రాంతంలో ‘నృత్తరత్నావళి’ అని సంస్కృతంలో రాశాడు. అందులో సగం దేశి నృత్యాలకే కేటాయించాడు, కర్రలతో ఆడే దండరాసకం ప్రస్తావన అందులో ఉంది. ఏనుగుల దళాన్ని నడిపే సేనాని కూర్చుని అడుగుల లెక్కలు రాశాడంటే పిల్లలకు భలే నచ్చుతుంది. అలాగే ఇంకో సంగతీ దాచొద్దు. మనం చూసే పేరిణి తాండవం తరతరాలుగా తెగకుండా వచ్చింది కాదు. నటరాజ రామకృష్ణ ఆ గ్రంథాన్నీ, 1213 నాటి రామప్ప గుడి శిల్పాలనూ ఆధారం చేసుకుని ఇరవయ్యో శతాబ్దంలో మళ్లీ నిలబెట్టారు. పోయినదాన్ని కష్టపడి తిరిగి తెచ్చుకున్న మనిషి ఒకరున్నారని తెలియడం పిల్లలకు తక్కువ సంగతా?

మగపిల్లలు ‘ఇది ఆడాళ్ల ఆట’ అని ముడుచుకుంటే, రాయలసీమలో కాళ్లకు గజ్జెలు కట్టి చెక్కభజన వేసే మగవాళ్ల వీడియో చూపించండి. కూచిపూడిలో సత్యభామ వేషానికే పేరుపొందిన వేదాంతం సత్యనారాయణశర్మ గురించి చెప్పండి. అప్పటికీ దిగకపోతే తాళాలు చేతికివ్వండి. తాళం వేసేవాడికి ఆటంతా తన చేతిలో ఉందని కాసేపటికి తెలుస్తుంది. టీనేజీ పిల్లలకు ఫోన్ వదలమని చెప్పకండి, అమ్మమ్మ పాట రికార్డు చేసి మాటలు రాసిపెట్టే పని అప్పగించండి.

ఒక్క జాగ్రత్త. ఇల్లు కదా, సరదా కదా అని ఆదిలాబాద్ గోండుల గుస్సాడీ నెమలి ఈకల కిరీటాన్ని అట్టముక్కలతో చేసి పిల్లల నెత్తిన పెట్టకండి. అది దీపావళి వేళ దండారీ పండుగలో నియమనిష్ఠలతో ధరించేది. అరకు థింసా నచ్చితే అక్కడికి వెళ్లి, ఆడేవాళ్ల చెయ్యి పట్టుకుని వరసలో నిలబడి నేర్చుకోవచ్చు. వేషం అద్దెకు తేవడంతో నేర్చుకున్నట్టు కాదు.

డాలస్‌లోనో లండన్‌లోనో ఉన్నవాళ్లకు తంగేడూ గునుగూ దొరకవు, బంతీ చామంతీ దొరుకుతాయి, వాటితోనే బతుకమ్మ పేర్చుకుంటున్నారు. చెక్క ఫ్లోరింగు మీద అడుగు బాగా మోగుతుంది, కింద ఎవరైనా ఉంటే గజ్జెలు మానుకోండి.

ఆరోజు వెలుతురుండగానే మొదలుపెట్టండి. టెర్రస్ నేల ఎండకు కాలి ఉంటుంది, గంట ముందు రెండు బకెట్ల నీళ్లు చల్లి పూర్తిగా ఆరనివ్వండి. తాగడానికి పానకం, తినడానికి సత్తుపిండి, అటుకులు చాలు. వంటింట్లో ఉండిపోయే మనిషి ఎవరూ ఉండకూడదు. మోకాళ్ల నొప్పులవాళ్లకు వలయం మధ్యలో పీట వేసి, పాట వాళ్లకే అప్పగించండి. ఫొటోలు మొదటి పది నిమిషాల్లో తీసేసి ఫోన్లన్నీ ఒక బుట్టలో పెట్టండి. నలుగురు పిల్లలున్న ఇంట్లో ఎవరు ఎక్కువ బాగా ఆడారో ఆ రాత్రి భోజనాల దగ్గర ఎవరూ ఎత్తొద్దు. అరువు తెచ్చిన పట్టుచీరలు వెంటనే మడవకుండా ఒక పూట నీడన ఆరేసి, చెమట వాసన పోయాక తిరిగి ఇవ్వండి.