ఏ లీగ్ గొప్పది?

ప్రశ్న: నేను స్పెయిన్ ఫుట్‌బాల్ లీగ్ లా లిగా అభిమానిని. మా హాస్టల్ రూమ్మేట్ ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్ ముందు ఏదీ నిలవదంటాడు. రోజూ ఇదే గొడవ, ఈమధ్య పందేలు కూడా. తేల్చేదెలా?
– ఒక విద్యార్థి, వరంగల్

జవాబు: మీరిద్దరూ కొలిచేది ఒకటి కాదు బాబూ. మీరు కప్పులు లెక్కపెడుతున్నారు. మీ లీగ్‌లోని రియల్ మాడ్రిడ్ 2014 నుంచి 2024 లోపు ఆరు ఛాంపియన్స్ లీగ్‌లు గెలిచిన మాట నిజమే, కానీ అది ఒక క్లబ్ ఘనత. మీవాడు చూసేది కింది జట్ల సత్తా. 2025 యూరోపా లీగ్ ఫైనల్ గుర్తుందా? టోటెన్‌హామ్ 1-0తో మాంచెస్టర్ యునైటెడ్‌ని ఓడించింది. ఇంగ్లండ్ పట్టికలో ఆ సీజన్ వాటి స్థానాలు 17, 15! టీవీ హక్కుల డబ్బు అక్కడ చిన్న క్లబ్బులకూ బాగానే అందుతుంది మరి. ఈ విషయంలో నా ఓటు మీవాడికే.

మొత్తంగా తేల్చుకోవాలంటే, ముందు యూరప్ ఫుట్‌బాల్ సంఘం యుఈఎఫ్ఏ ఇచ్చే దేశాల ర్యాంకింగ్ పట్టిక తెరవండి. యూరప్ పోటీల ప్రధాన దశలో గెలుపుకి 2 పాయింట్లు, డ్రాకి 1. పైగా కొన్ని బోనస్‌లు. మొత్తాన్ని ఆ దేశం నుంచి ఆడిన క్లబ్బుల సంఖ్యతో భాగించి, ఐదు సీజన్లవి కలుపుతారు. ఒక్క సీజన్ చూసి తీర్పు చెప్పకండి. ఆపైన మధ్యస్థాయి జట్లు యూరప్‌లో ఎలా ఆడాయో విడిగా చూడండి. స్నేహపూర్వక మ్యాచ్‌లను అసలు లెక్కలోకి తీసుకోవద్దు.

పందేలు మాత్రం ఇవాళే ఆపండి. ఆపలేకపోతున్నా, అప్పు చేసే దాకా వచ్చినా ఇంట్లో చెప్పండి. మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేసి కౌన్సెలర్‌తో మాట్లాడండి.