బక్క పిల్లికి ఏం పెట్టాలి, ఏం పెట్టకూడదు

బక్కచిక్కిన పిల్లి గుమ్మంలోకి వస్తే మన ఇళ్లలో మొదట కదిలేది పాలగిన్నె. పాలు కాకపోతే పాలన్నం, శాకాహారుల ఇల్లయితే పెరుగన్నం. పిల్లి తింటుంది కూడా. నెలలు గడిచినా దాని వెన్నుపూసలు మాత్రం లెక్కపెట్టేలాగే ఉంటాయి. నాలుగు కిలోలు ఉండవలసిన పెద్ద పిల్లికి రోజుకు 15 నుంచి 20 గ్రాముల మాంసకృత్తులు కావాలి. వంద గ్రాముల పెరుగన్నంలో ఉండేవి మూడు గ్రాములు, మహా అయితే ఇంకాస్త. అంటే ఆ పిల్లి రోజుకు అరకిలో పెరుగన్నం తినాలి. అది జరిగే పని కాదు. ఒకవేళ తిన్నా, పిల్లికి ప్రాణాధారమైన టౌరిన్ అనే పోషకం అందులో దాదాపు ఉండదు. అందుకే బక్క పిల్లి విషయంలో ఎంత పెడుతున్నాం అన్నదాని కన్నా ఏం పెడుతున్నాం, తిన్నది ఎక్కడికి పోతోంది అన్నవి ముందు తేల్చుకోవాలి.

చేయవలసినవి

పిల్లి నిజంగా బక్కగా ఉందో లేదో చేత్తో తడిమి చూడండి. కంటిని నమ్మవద్దు. పర్షియన్ పిల్లుల్లో అయితే ఆ బొచ్చు కింద ఏముందో బయటికి తెలియనే తెలియదు. రెండు అరచేతులూ పక్కటెముకల మీద ఆనించండి. కాస్త నొక్కితే ఎముకలు తగలడం ఆరోగ్యమే. నొక్కకుండానే గుచ్చుకుంటున్నా, నడుం దగ్గర వెన్నుపూసలు, తుంటి ఎముకలు పొడుచుకు వచ్చినా బరువు తక్కువని అర్థం. పశువైద్యులు దీనికి 1 నుంచి 9 దాకా మార్కులు వేస్తారు. 5 వస్తే సరైన ఒళ్లు, 3 కానీ అంతకన్నా తక్కువ కానీ వస్తే బక్క. మన వీధి పిల్లులు సహజంగానే సన్నగా ఉంటాయి. మూడున్నర కిలోల ఆడ పిల్లి చురుగ్గా తిరుగుతూ, ఎముకల మీద పలచగా కండ ఉంటే, దాన్ని లావు చేయాలని పట్టుపట్టనక్కర్లేదు.

ఆహారం మార్చే ముందు డాక్టరుకు చూపించండి. వెళ్లే ముందు ఒక సంగతి గమనించుకోండి: తినక చిక్కిపోతోందా, తింటూ చిక్కిపోతోందా? గిన్నె దగ్గరికి ఆత్రంగా వచ్చి, నోట పెట్టుకున్నది వదిలేస్తుంటే, తల ఒక పక్కకు వంచి నములుతుంటే, చొంగ కారుతుంటే బాధ పళ్లలోనో చిగుళ్లలోనో ఉంటుంది. ముక్కు దిబ్బడ వేసిన పిల్లి వాసన తెలియక తిండి మానేస్తుంది. బాగా తింటూ చిక్కిపోతుంటే కూనల్లో నులిపురుగులను, పదేళ్లు దాటిన పిల్లుల్లో థైరాయిడ్ అతిగా పనిచేయడాన్ని, షుగరు వ్యాధిని అనుమానించాలి. నీళ్లు విపరీతంగా తాగుతూ తిండి తగ్గించిన ముసలి పిల్లికి కిడ్నీ పరీక్ష చేయించాలి. కిడ్నీ జబ్బున్న పిల్లి ఆహారం వేరు. బరువు పెరుగుతుందని దానికి మాంసకృత్తులు, భాస్వరం దండిగా ఉన్న కిట్టెన్ ఫుడ్ (కూనల ఆహారం) పెడితే మేలు చేయబోయి కీడు చేసినట్టవుతుంది. వయసు మీద పడిన పిల్లికి ముందు రక్తపరీక్ష, ఆ తర్వాతే ప్యాకెట్.

ఒళ్లంతా ఎముకలై పొట్ట మాత్రం ఉబ్బుగా ఉన్న కూనకు ముందు నులిపురుగుల మందు పడాలి. తోక కింద బొచ్చుకు బియ్యపు గింజల్లాంటివి అంటుకుని కనిపిస్తే బద్దెపురుగు. ఒళ్లు నాక్కుంటూ బొచ్చులో గెంతే ఫ్లీ పురుగులను మింగడం వల్లే ఎక్కువగా అది కడుపులోకి చేరుతుంది. అందుకని కడుపులోని పురుగుకూ, బొచ్చులోని పురుగుకూ ఒకేసారి మందు వాడాలి. పెద్ద పిల్లులకు మూడు నెలలకోసారి నులిపురుగుల మందు వేయించడం మామూలు పద్ధతి.

ఇక ఆహారం ఎంపిక. ప్యాకెట్ ముందు వైపు ఉన్న పిల్లి బొమ్మను వదిలేసి వెనక్కు తిప్పండి. వెతకవలసిన మాట ‘కంప్లీట్’ లేదా ‘కంప్లీట్ అండ్ బ్యాలెన్స్‌డ్’. అమెరికాలో పశువుల దాణా నియంత్రణ అధికారుల సంఘమైన ఆఫ్కో ప్రమాణం పేరు కూడా చాలా ప్యాకెట్ల మీద ఉంటుంది. ‘కాంప్లిమెంటరీ’ అనో ‘ట్రీట్’ అనో రాసి ఉంటే అది చిరుతిండి. జెల్లీలో తేలే ట్యూనా ముక్కల పౌచ్‌లు చాలావరకు ఈ బాపతే. ధర చూస్తే భోజనం, లోపల చూస్తే పకోడీ. వాటి మీదే పిల్లిని నెలల తరబడి ఉంచితే పోషకాలు అందవు.

‘కంప్లీట్’ అన్న ఆ ఒక్క మాటకు అంత విలువ ఎందుకంటే, దాని వెనక పిల్లుల ప్రాణాలున్నాయి. కుక్క శరీరం టౌరిన్‌ను చాలావరకు తానే తయారుచేసుకోగలదు. పిల్లికి ఆ శక్తి చాలా తక్కువ. అది మాంసం నుంచే రావాలి. లేకపోతే కంటిపొర దెబ్బతిని చూపు పోతుంది, గుండె కండరం పలచబడి సాగిపోతుంది. 1987లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్‌లో పాల్ పియాన్, ఆయన సహచరులు ఈ గుండెజబ్బుకూ టౌరిన్ లోటుకూ ఉన్న సంబంధాన్ని బయటపెట్టారు. ఆ పిల్లులు తిన్నది పెరుగన్నం కాదు, కంపెనీల ప్యాకెట్ ఆహారమే. అప్పటిదాకా సరిపోతుందనుకున్న మోతాదు సరిపోలేదు. టౌరిన్ అందించాక వాటిలో చాలావాటి గుండె తేరుకుంది. కంపెనీలు తమ ఆహారంలో టౌరిన్ పెంచింది ఆ తర్వాతే. విటమిన్ ఎ సంగతీ అంతే. క్యారెట్‌లోని పసుపు పదార్థం నుంచి మనం దాన్ని తయారుచేసుకుంటాం, పిల్లి చేసుకోలేదు. మాంసం ముట్టని ఇళ్లవారు పిల్లిని పెంచదలచుకుంటే ‘కంప్లీట్’ ప్యాకెట్ కొనడం తప్ప వేరే దారి లేదు. పిల్లిని మాత్రం శాకాహారిని చేయాలని చూడవద్దు.

రెండు ప్యాకెట్లను పోల్చేటప్పుడు తేమ తీసేసి లెక్క వేయండి. తడి ఆహారం పౌచ్ మీద మాంసకృత్తులు 9 శాతం అనీ, పొడి ఆహారమైన గింజల ప్యాకెట్ మీద 30 శాతం అనీ ఉంటే, గింజలే మేలని తోస్తుంది. పౌచ్‌లో 80 శాతం నీళ్లే. మిగిలిన 20లో 9 అంటే 45 శాతం. గింజల్లో తేమ 10 శాతం తీసేస్తే 90లో 30, అంటే 33 శాతం. అయితే కెలోరీల్లో గింజలదే పైచేయి. వంద గ్రాముల గింజల్లో సుమారు 350 నుంచి 400 కెలోరీలు ఉంటే, 85 గ్రాముల పౌచ్‌లో 70 అటూ ఇటూ ఉంటాయి. బక్క పిల్లికి రెండూ కలిపి పెట్టడమే నాకు సబబుగా తోస్తుంది. పౌచ్ వాసనకు ఆకలి పుడుతుంది, నీళ్లూ లోపలికి పోతాయి. గింజలతో బలం వస్తుంది. కిడ్నీలు బాగున్నాయని తేలితే పెద్ద పిల్లికీ కొంతకాలం కిట్టెన్ ఫుడ్ పెట్టవచ్చు. పాలిచ్చే తల్లి పిల్లికైతే అదే పెట్టాలి.

నాలుగు కిలోలకు చేర్చాలనుకునే పిల్లికి రోజుకు సుమారు 240 నుంచి 280 కెలోరీలతో మొదలుపెట్టండి. ఒక పౌచ్, 50 గ్రాముల గింజలు అంటే దాదాపు సరిపోతుంది. కొసరుగా ఉడికించిన ఎముకలేని చికెన్ ముక్కలు, ఉడికిన గుడ్డు పెట్టవచ్చు. ఆ కొసరు మొత్తం కెలోరీల్లో పదో వంతు దాటకూడదు.

పెట్టే తీరు కూడా ముఖ్యమే. పిల్లి ఒక్కసారే కడుపు నింపుకునే జంతువు కాదు, రోజంతా కొంచెం కొంచెం తింటుంది. కనీసం నాలుగైదు సార్లు పెట్టండి. ఫ్రిజ్‌లోంచి తీసిన తడి ఆహారాన్ని గోరువెచ్చన చేసి పెడితే వాసన లేచి, అలిగి కూర్చున్న పిల్లి కూడా లేచి వస్తుంది. మన మే నెల ఎండల్లో పిల్లులు తిండి తగ్గిస్తాయి. తెల్లవారుజామున, రాత్రి చల్లబడ్డాక పెద్ద వంతులు పెట్టండి. ఆ వేడికి తడి ఆహారం గిన్నెలో గంటకు మించి ఉంటే తీసేయండి. చీమలు పట్టిన గిన్నెను పిల్లి ముట్టదు. గిన్నెను నీళ్లు పోసిన పళ్లెంలో ఉంచండి. మలవిసర్జన పెట్టెకు దూరంగా పెట్టండి. ఇంట్లో నాలుగు పిల్లులుంటే బక్కదానికి వేరే గదిలో తలుపు వేసి పెట్టండి. చాలా ఇళ్లలో దాని వంతును బలిసిన పిల్లి తినేస్తుంటుంది.

కొత్త ఆహారాన్ని పాతదానిలో కొద్దికొద్దిగా కలుపుతూ వారం పది రోజుల్లో మార్చండి. వారానికోసారి తూకం వేయండి. పిల్లిని ఎత్తుకుని మీరు తూగి, తర్వాత మీ బరువు తీసేస్తే స్థూలంగా తెలుస్తుంది కానీ, యాభై, వంద గ్రాముల తేడా అందులో దొరకదు. బుట్టలో కూర్చోబెట్టి, పచారీ దుకాణంలో వాడేలాంటి డిజిటల్ కాటా మీద తూచడం మేలు. కూనలైతే రోజుకు 10 నుంచి 15 గ్రాములు పెరగాలి.

చేయకూడనివి

రోజుల తరబడి పస్తున్న పిల్లికి దొరికిన రోజే కడుపునిండా పెట్టకండి. ఈ జాబితాలో ఇది అన్నిటికన్నా ప్రమాదకరమైనది, పైగా దయ వల్ల జరిగేది. ఆకలితో ఎండిన ఒంట్లోకి ఒక్కసారిగా ఆహారం, అందునా అన్నం లాంటి పిండిపదార్థం చేరితే ఇన్సులిన్ పెరిగి రక్తంలోని భాస్వరం, పొటాషియం కణాల్లోకి లాగుకుపోతాయి. రక్తంలో అవి పడిపోతే ఎర్రకణాలు పగులుతాయి, గుండె లయ తప్పుతుంది. మొదటి రోజు అవసరంలో నాలుగో వంతు, మహా అయితే మూడో వంతు, అదీ చిన్న చిన్న ముద్దలుగా పెట్టి, నాలుగైదు రోజుల మీద పెంచాలి. ఇది కూడా డాక్టరు కనుసన్నల్లోనే జరగాలి.

పాలు పోయకండి. పాలు మానిన పిల్లుల్లో చాలావాటికి పాలలోని చక్కెర అరగదు. విరేచనాలై ఉన్న బరువూ పోతుంది. తల్లిలేని కూనకు ఆవు పాలు కాకుండా పిల్లి కూనల కోసమే చేసిన పాలపొడి వాడండి.

ఒట్టి చికెన్ మీదో, ఒట్టి చేపల మీదో పెంచకండి. కండలో కాల్షియం కన్నా భాస్వరం పది పదిహేను రెట్లు ఎక్కువ. చికెన్, అన్నం తప్ప ఏమీ ఎరగని కూనల ఎముకలు లోలోపల గుల్లబారి, సోఫా మీంచి దూకినా విరుగుతాయి. బొచ్చు మెరుస్తూ ముద్దుగానే ఉంటుంది కాబట్టి విరిగేదాకా ఎవరికీ అనుమానం రాదు. కొన్ని రకాల పచ్చి చేపల్లో విటమిన్ బి1ను నాశనం చేసే పదార్థం ఉంటుంది. అవి రోజూ తింటే మెడ వాలిపోతుంది, ఫిట్స్ వస్తాయి. ఎండుచేపల్లో ఉప్పు ఎక్కువ. లివర్ పిల్లికి ప్రాణం, అయినా నెలల తరబడి అదే పెడితే విటమిన్ ఎ పేరుకుని మెడపూసలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి.

బిర్యానీ ముక్కను కడిగి కూడా పెట్టకండి. ఉల్లి, వెల్లుల్లి పిల్లి రక్తంలోని ఎర్రకణాలను పగలగొడతాయి. కిలో బరువుకు 5 గ్రాముల ఉల్లిపాయ చాలు, రక్తం దెబ్బతినడానికి. మూడు కిలోల పిల్లికి అది ఒక చిన్న ఉల్లిపాయలో సగం. వేపుడు చేసినా, పొడి కొట్టినా ఆ విషం పోదు. సూప్ పొడుల్లో, కూర రసంలో అది కనబడకుండా ఉంటుంది. ఉడికిన ఎముకలూ వద్దు. అవి చీలి గొంతులో, పేగుల్లో దిగుతాయి.

చికెన్ షాపులో ఇచ్చే పచ్చి వ్యర్థాలు పెట్టకండి. సాల్మొనెల్లా ఎప్పుడూ ఉన్న భయమే. 2025 ఆరంభంలో మన గోదావరి జిల్లాల కోళ్ల ఫారాల్లో బర్డ్ ఫ్లూ వచ్చిన రోజుల్లోనే మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో పెంపుడు పిల్లుల్లో కూడా ఆ ఫ్లూ వైరస్ హెచ్‌5ఎన్‌1 బయటపడింది. పిల్లులకు అది సోకితే బతకడం కష్టం. బాగా ఉడికించి పెడితే ఆ బాధ ఉండదు.

కుక్కల ఆహారం పిల్లికి భోజనం కాదు. మూట విప్పి కిలోల లెక్కన అమ్మే గింజలు కొనకండి. ఎప్పటివో తెలియదు, వానాకాలం తేమకు బూజు పడతాయి, కొవ్వు చెడి వాసన మారుతుంది. నెయ్యి కలిపి కెలోరీలు పెంచే చిట్కా కూడా వద్దు, అది విరేచనాలకే దారి.

మన మందులపెట్టె జోలికి పోకండి. ఒళ్లు వెచ్చగా ఉందని వేసే ఒక్క పారాసెటమాల్ మాత్ర పిల్లిని చంపగలదు. పిల్లలకు వేసే ఆల్బెండజోల్ వల్ల పిల్లుల ఎముక మజ్జ దెబ్బతిన్న సందర్భాలున్నాయి. ఆకలి పుట్టించే మందులు పిల్లులకు ఉన్నాయి, అవి డాక్టరు రాయాల్సినవి. రాసిన మందునైనా రోజూ తినే ఆహారంలో కలపకండి; చేదు తగిలిందంటే ఆ ఆహారాన్నే జన్మలో ముట్టని పిల్లులున్నాయి. సిరంజితో బలవంతంగా తాగించడం కూడా ఎవరైనా చేసి చూపించాకే చేయాలి. ఊపిరితిత్తుల్లోకి పోతే నిమోనియా.

చివరగా, ఆగకూడని చోట ఆగకండి. రెండు మూడు రోజులు ఏమీ తినని పిల్లి కాలేయంలో కొవ్వు పేరుకుని కామెర్లు రావచ్చు. బొద్దుగా ఉండి ఈ మధ్యే చిక్కిన పిల్లులకు ఈ ముప్పు మరీ ఎక్కువ. పెద్ద పిల్లి 24 గంటలు, కూన ఒక పూట ఏమీ ముట్టకపోతే ఆసుపత్రికి తీసుకెళ్లండి. తినే ఆహారం ప్యాకెట్ ఫొటో, వారం వారం రాసుకున్న బరువుల చీటీ, చిన్న డబ్బాలో ఆ రోజు మలం వెంట పట్టుకెళ్లండి. డాక్టరు మొదట అడిగేవి అవే.