ముందు నకలు, తర్వాతే తనిఖీ

నేను కౌంటర్లో కొత్తగా కూర్చున్న రోజుల్లో మా సీనియర్ ఒకాయన చెప్పేవారు: “విత్‌డ్రాయల్ ఫారం సరిచూశాక, పాస్ అయ్యేదాకా మళ్లీ ఖాతాదారు చేతికి ఇవ్వకండి.” తారీకు వేస్తానని తీసుకున్న మనిషి మొత్తం ముందు మరో అంకె చేర్చి ఇస్తే, మనం సరిచూసింది ఒకటి, డబ్బిచ్చేది మరొకటి. చాలా ఏళ్ల తర్వాత ఐటీ విభాగంలో, పాస్‌బుక్ కియాస్క్ కోసం ఒక సరఫరాదారు రాసిన లినక్స్ డ్రైవర్‌ను సమీక్షిస్తుంటే ఆ మాటే గుర్తొచ్చింది.

డ్రైవర్ పనిచేసేది ఆపరేటింగ్ సిస్టం గుండెకాయలాంటి కెర్నల్‌లో. మామూలు ప్రోగ్రాం తప్పు చేస్తే సాధారణంగా అదొక్కటే ఆగుతుంది. డ్రైవర్ తప్పు చేస్తే యంత్రమే నిలిచిపోవచ్చు, కెర్నల్ మెమరీలోని సమాచారం బయటికి పొక్కవచ్చు.

ముద్రించాల్సిన పేరును ప్రోగ్రాం నేరుగా పంపదు. తన మెమరీలో అది ఎక్కడుందో ఆ చిరునామా మాత్రం ఇస్తుంది. పేరు ముగిసిందని చెప్పడానికి చివర ఒక సున్నా బైట్ ఉంటుంది. మేము చూసిన డ్రైవర్ ముందు పొడవు కొలిచి, తర్వాత అన్ని బైట్లు నకలు చేసుకుని, చివరిది సున్నాయేనని నమ్మింది. ఈ రెండు పనుల మధ్య అదే ప్రోగ్రాంలోని మరో థ్రెడ్ ఆ సున్నాను మార్చేస్తే, డ్రైవర్ ముగింపు కోసం వెతుకుతూ తన బఫర్ దాటి చదువుకుంటూ పోతుంది.

పాటించాల్సినవి నాలుగు:

1. ప్రోగ్రాం ఇచ్చిన చిరునామాను నేరుగా చదవకూడదు. కాపీ_ఫ్రమ్_యూజర్ వంటి ఫంక్షన్ ద్వారానే తీసుకోవాలి. నకలు కాకుండా మిగిలిన బైట్ల సంఖ్యను అది తిరిగి ఇస్తుంది. సున్నా కాకపోతే పని ఆపి, లోపమని చెప్పాలి.

2. గరిష్ఠ పరిమితి మనమే పెట్టాలి, అదీ బైట్లలో. యూటీఎఫ్-8లో “తెలుగు” అన్న మాట కంటికి మూడక్షరాలే, మెమరీలో 18 బైట్లు. 64 బైట్ల బఫర్లో చివరి సున్నా పోగా పేరుకు మిగిలేది 63.

3. నకలు చివర సున్నా మనమే రాయాలి. స్ట్రన్‌డప్_యూజర్ ఈ పని చేసిపెడుతుంది. పరిమితి దాటిన పేరును తిరస్కరిస్తుంది కూడా. పని అయ్యాక ఆ మెమరీని విడుదల చేయడం మాత్రం మన బాధ్యత.

4. ఒక్కసారే తెచ్చుకోవాలి. తనిఖీ, వాడకం రెండూ మన నకలు మీదే జరగాలి.

“పేరు పంపేది మా ప్రోగ్రామే కదా సార్, దాన్నీ నమ్మకపోతే ఎలా?” అన్నాడు సరఫరాదారు తరఫు కుర్రాడు. “ఆ డివైస్ ఫైలు తెరిచే అనుమతి ఉన్న ఏ ప్రోగ్రామైనా పంపగలదు కదా బాబూ,” అన్నాను. అతను కాసేపు తెర వంక చూసి, “నిజమే” అన్నాడు. మార్పు చూస్తే కొద్ది లైన్లే. అయినా సరిచేసిన వెర్షన్‌ను మళ్లీ పరీక్షించాకే కియాస్క్‌లను బ్రాంచీలకు పంపాం.

నేను చదివింది మేనేజ్‌మెంట్, ప్రోగ్రామింగ్ కాదు. అయినా డ్రైవర్‌ను ఆమోదించే ముందు మూడు ప్రశ్నలు అడగడానికి అది అడ్డు కాదు: బయటి నుంచి వచ్చేదాన్ని ఎన్నిసార్లు చదువుతున్నారు? పరిమితి ఎవరు పెట్టారు? నకలు విఫలమైతే ఏం చేస్తున్నారు?