సిట్టింగ్‌కి వెళ్లే ముందు

తెనాలి



షూటింగ్ షెడ్యూల్‌కి గ్యాప్ వచ్చిందనీ, డైరెక్షన్ డిపార్ట్‌మెంట్ కుర్రాళ్లంతా కలిసి ఒక్క రోజులో వైనరీ, బ్రూవరీ రెండూ చుట్టేద్దామనుకుంటున్నారనీ ఫోన్లో చెప్పావు అల్లుడూ. అప్పుడే తిడదామనుకున్నాను గానీ, పక్కన మీ వాళ్లున్నట్టున్నారు. అందుకే ఉత్తరం. ఇది మీ అమ్మ కంట పడనివ్వకు. అన్నయ్యే దగ్గరుండి పంపించాడంటుంది.

ఒక్క రోజు అన్న మాట ముందు కొట్టెయ్యండి. బ్రూవరీ మీ గడపలోనే ఉంది. 2015లో తెలంగాణ ప్రభుత్వం మైక్రోబ్రూవరీలకి తలుపులు తెరిచాక జూబ్లీహిల్స్‌లో వాటికి కొదవ లేదు. ద్రాక్షతోట సంగతి అలా కాదు. మన వాళ్లది చూడాలంటే హంపి కొండల్లో ఉన్న క్రిస్మాకి వెళ్లాలి. గ్రాన్యూల్స్ మందుల కంపెనీ పెట్టిన చిగురుపాటి కృష్ణప్రసాద్, ఆయన భార్య ఉమ వేసిన తోట అది. హైదరాబాదు వాళ్లే. కానీ హంపి మీకు దాదాపు 370 కిలోమీటర్లు. చూడనిస్తారో లేదో ముందే ఫోన్ చేసి కనుక్కుని, వేరే ట్రిప్పు వేసుకోండి. వెళితే ఫిబ్రవరి, మార్చిల్లో వెళ్లండి. మన ఎండలకి తీగ నిద్రపోదు కాబట్టి ఏప్రిల్ ప్రాంతంలో ఒకసారి, అక్టోబర్ ప్రాంతంలో ఒకసారి కత్తిరిస్తారు. ఆ రెండో కత్తిరింపు తర్వాత కాసిన గుత్తులు ఆ నెలల్లోనే కోతకొస్తాయి. మిగతా రోజుల్లో ఆకులూ స్టీలు ట్యాంకులే కనిపిస్తాయి.

హైదరాబాదు చుట్టూ ద్రాక్షతోటలుండేవి కదా అంటావేమో. ఉండేవి, చాలావరకు ప్లాట్లయ్యాయి. అయినా అనాబ్-ఎ-షాహీ తినే ద్రాక్ష. వైన్ ద్రాక్ష చిన్నది, తోలు మందం. నల్ల ద్రాక్ష పిండినా రసానికి పెద్దగా రంగుండదు. తొక్కలతో కలిపి పులియబెడితేనే ఆ ఎరుపు దిగుతుంది. అక్కడికెళ్లాక ఒక పండు నలిపి చూడు, నీకే తెలుస్తుంది.

బ్రూవరీకి శనివారం రాత్రి వెళ్లకండి. ఆ మోతలో పక్కవాడి మాటే వినపడదు, ఇక బ్రూవర్ ఏం చెప్తాడు? మామూలు రోజు మధ్యాహ్నం వెళ్లి, ఖాళీగా ఉంటే చూపించమని మర్యాదగా అడుగు. మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీని నలగ్గొట్టి, 65 డిగ్రీల వేడి నీళ్లలో గంటసేపు నానబెడతారు. అందులోని పిండి చక్కెరగా మారేది అప్పుడే. ఆ నీళ్లు వడగట్టి, హాప్స్ వేసి మరిగించి, చల్లార్చి ఈస్ట్ కలుపుతారు. ఏల్ ఒకటి రెండు వారాల్లో తయారవుతుంది, లాగర్‌కి చలీ ఎక్కువ కావాలి, ఓపికా ఎక్కువ కావాలి. గోధుమ బీరులో అరటిపండు, లవంగం వాసనలొస్తాయి. అవి ఈస్ట్ చేసే పనే, అరటిపండు వేశారా అని అడిగి మన పరువు తియ్యకు. చాలాచోట్ల ఆ బీరుని సీసా బీరులా వడకట్టి వేడిచెయ్యరు. మన కల్లులాగే తాజాగా ఉన్నప్పుడే దాని రుచి.

కాబట్టి మగ్గులు కాదు, చిన్న గ్లాసుల్లో తలా ఒక రకం తెప్పించుకుని పంచుకోండి. లెక్క కూడా గుర్తుంచుకో. 13 శాతం వైన్ 150 మిల్లీలీటర్లు తాగినా, 5 శాతం బీరు 400 మిల్లీలీటర్లు తాగినా కడుపులోకి వెళ్లే ఆల్కహాల్ ఇంచుమించు ఒకటే. గ్లాసు చిన్నదని వైన్‌ని నమ్మకు.

ఇప్పుడు అసలు విషయం. పెద్దవాళ్లతో సమానంగా గ్లాసు ఖాళీ చేస్తే అవకాశాలొస్తాయని కృష్ణానగర్లో ఒక నమ్మకం ఉంది. ఎడిటింగ్ రూముల్లోనే జుట్టు నెరిసింది నాకు, అలా పైకొచ్చినవాడు ఒక్కడూ తగల్లేదు. మూడో రౌండులో తన కథంతా చెప్పేసుకుని, ఇంకో ఆఫీసులో వేరేవాడి నెరేషన్‌లో తన ఇంటర్వెల్ సీను విన్నవాణ్ణి మాత్రం చూశాను. ఎవరు దొంగ అని ఎవర్ని అడుగుతాడు? కథ సాయంత్రం టేబుల్ మీద పెట్టకు. ముందు రిజిస్టర్ చేయించు, తర్వాత పగలు, టీ తాగుతూ చెప్పు. ప్రొడ్యూసర్ బావమరిది ఇంకో రౌండు చెప్పాడనుకో, ‘నాకింతే అన్నా’ అని మొదట్లోనే నవ్వుతూ చెప్పేస్తే నొచ్చుకోడు. సగం తాగి ఆపితేనే వీళ్లకి కోపం.

మీ క్లాప్ కుర్రాడికి ఇరవయ్యేళ్లేనన్నావు. తెలంగాణలో 21 నిండాలి. వాడికి నిమ్మసోడా, మారు మాట్లాడనివ్వకు. బైకులు గదుల దగ్గరే వదిలెయ్యండి, జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దాకా మెట్రో ఉంది. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే కేసే. మొదటిసారి పదివేల దాకా జరిమానా, ఆరు నెలల దాకా జైలు, రెండూ పడొచ్చు. నీ అసిస్టెంట్ జీతానికి అది ఎన్ని నెలలో నువ్వే లెక్కేసుకో.

అన్నట్టు, బార్లీ నీళ్లు వడగట్టాక మిగిలే పిప్పి పశువులకి మంచి మేత. వాళ్లు దాన్నెవరికి ఇస్తున్నారో, బస్తా ఎంతకో కనుక్కుని రా. మన గేదెలకి తెప్పిద్దామని మీ అత్త పట్టుబట్టింది.

మీ మావయ్య