చేతులు కాలిన పిమ్మట చేయవలసినది

"చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొన్నట్లు" అని తెలుగు సామెత. కీడు జరిగిన పిదప చేయు ప్రయత్నము వ్యర్థమని దాని భావము. లోకవ్యవహారమునకు ఈ మాట తగియున్నది. కాని నిజముగా చేయి కాలిన వేళ ఈ సామెతను నమ్మి ఊరకుండరాదు. కాలిన పిమ్మట కూడ చేయదగిన పని కలదు. అది ఎంత శీఘ్రముగా జరిగిన అంత మేలు. మూడు గంటల లోపల జరిగినను కొంత మేలు కలుగును. ఆ పనిని వైద్యునికంటె ముందు ఇంటివారే చేయవలెను. దాని నియమములను బోధించుటయే ఈ పాఠము యొక్క ఉద్దేశము.

అగ్నితో సహవాసము

మారిషస్ దీవిలోని తెలుగువారి సంవత్సరమంతయు దీపముతో ముడిపడియున్నది. రామభజనము జరుగునప్పుడు నడుమ దీపమును నిలిపి, దాని చుట్టు తిరుగుచు భక్తులు పాడుదురు. దీపావళినాడు వాకిట ప్రమిదలు వరుసగా వెలుగును. పండుగలకును పెండ్లిండ్లకును పెద్ద పాత్రలలో అన్నము, పప్పు ఉడుకుచుండును. చెరకు తోటల శిబిరములలో తాతముత్తాతలు కట్టెల పొయ్యిమీద వండుకొనిరి. వారి మనుమలు గ్యాసు పొయ్యిమీద వండుచున్నారు. పొయ్యి మారినది గాని అగ్ని స్వభావము మారలేదు.

కాలుట యనగా మంట తగులుట మాత్రమే కాదు. మరిగిన నీరు, గంజి, తేనీరు, కాగిన నూనె, ఆవిరి, రసాయనములు, విద్యుత్తు – ఇవన్నియు చర్మమును కాల్చును. చిన్నబిడ్డలకు ఎక్కువగా హాని చేయునది మంటకంటె మరిగిన నీరే. బిడ్డ చర్మము పలుచన. పెద్దవారు ఓర్చుకొను వేడికే బిడ్డ చర్మము లోతుగా కాలును.

మొదటి మెట్టు: కాలుటను ఆపుట

బట్టలకు నిప్పంటుకొన్నవారు పరుగెత్తరాదు. పరుగెత్తినచో గాలి తగిలి మంట పెరుగును. నిలిచియున్నచో మంట ముఖమునకు ఎగబ్రాకును. వెంటనే నేలమీద పండుకొని దొర్లవలెను. దగ్గరనున్నవారు మందమైన నూలు దుప్పటిని గాని ఉన్ని కంబళిని గాని కప్పి మంటను అణచవలెను. నైలాను, పాలియెస్టరు వస్త్రములు కరగి చర్మమునకు అంటుకొనును గనుక వానిని కప్పుటకు వాడరాదు. దీపములయొద్ద మెలగు స్త్రీలు పమిట కొంగును నడుమునకు బిగించి దోపుకొనుట మంచిది.

విద్యుత్తు తగిలినచో ముందుగా మెయిన్ స్విచ్చిని ఆపవలెను. ఆపక ఆ మనిషిని తాకరాదు. ఎత్తైన విద్యుత్తీగలైనచో సరఫరాను అధికారులు నిలుపువరకు దూరముగా నుండవలెను. 2024 మార్చిలో మహాశివరాత్రి యాత్రాసమయమున ఒక కన్వరు విద్యుత్తీగకు తగిలి మంటలలో చిక్కుకొనగా ప్రాణనష్టము జరిగిన సంగతి ఈ దీవివారికి తెలిసినదే.

రెండవ మెట్టు: ఇరువది నిమిషముల నీరు

కాలిన భాగముపై కుళాయినుండి పారు చల్లని నీటిని 20 నిమిషములు పోయవలెను. మంట ఆరినను చర్మములో నిలిచిన వేడి లోపలి పొరలను ఇంకను కాల్చుచునేయుండును. పారు నీరు ఆ వేడిని తీసికొనిపోవును. రెండు నిమిషములు కడిగి నొప్పి తగ్గినదని మానుట చాలదు. గడియారము చూచి 20 నిమిషములు పూర్తిచేయవలెను.

మంచుగడ్డను పెట్టరాదు. అది రక్తనాళములను ముడుచుకొనునట్లు చేసి గాయమును లోతుచేయును. పసిబిడ్డలకును వృద్ధులకును నీరు పోయునప్పుడు కాలని భాగములను దుప్పటితో వెచ్చగా ఉంచవలెను. గాయమును చల్లార్చవలెను, మనిషిని వెచ్చగా ఉంచవలెను – ఇది మరువరాని సూత్రము.

నీరు పోయుచునే ఉంగరములు, గాజులు, కడియములు, గడియారము తీసివేయవలెను. కొంతసేపటికి వాపు వచ్చి అవి బిగిసి రక్తప్రసారమును ఆపును. చర్మమునకు అంటుకొనిన బట్టను మాత్రము లాగరాదు. దాని చుట్టును కత్తిరించి విడువవలెను.

మూడవ మెట్టు: కప్పుట

చల్లార్చిన పిదప శుభ్రమైన నూలుగుడ్డతో గాని, వంటింట ఆహారమును కప్పు పలుచని ప్లాస్టికు పొరతో గాని గాయమును కప్పవలెను. పొరను గాయముపై పరచవలెనే గాని బిగించి చుట్టరాదు. బొబ్బలను చిదుపరాదు.

ప్రేమతో చేయు పొరపాటు

బిడ్డ చేయి కాలగానే నాయనమ్మ వంటింటికి పరుగెత్తి కొబ్బరినూనెయో, నెయ్యియో, పసుపో తెచ్చుట చాల ఇండ్లలో కనబడు వాడుక. నేటివారు దంతమంజనపు పేస్టును పూయుచున్నారు. ఇవన్నియు ప్రేమతో చేయు పనులే. కాని వీనివలన మేలు లేదు. నూనె, నెయ్యి వేడిని లోపలనే పట్టియుంచును. పసుపు గాయపు రంగును మార్చి, దాని లోతు వైద్యునికి తెలియకుండ చేయును. పేస్టును కడుగవలసి వచ్చినప్పుడు బిడ్డ రెండవసారి బాధపడును. వీనిని వెదకుటలో నీటికి ఉపయోగింపవలసిన మొదటి నిమిషములు గడచిపోవును. ఇంటి పెద్దలను ఎదిరించి మాటాడుట పిల్లలకు తగదు గాని, "అవ్వా, ముందు నీళ్లు పోయనీ" అని వినయముతో చెప్పుట తప్పు కాదు.

గాయమును అంచనా వేయుట

వైద్యులు ముఖ్యముగా మూడు సంగతులు చూతురు: శ్వాస, లోతు, విస్తీర్ణము.

మొదట శ్వాస. మూసిన గదిలో పొగ పీల్చినవారికి గొంతు బొంగురుపోవుట, ముక్కులోని వెండ్రుకలు కాలుట, కఫములో మసి కనబడుట అపాయసూచనలు. లోపలి వాపు కొన్ని గంటలలో శ్వాసమార్గమును మూసివేయగలదు. అట్టివారు బాగుగా మాటాడుచున్నను ఇంట ఉంచరాదు.

రెండవది లోతు. పైపొర మాత్రమే కాలినచో చర్మము ఎఱ్ఱబడి మండును. మధ్యపొర కాలినచో బొబ్బలు లేచి, తడిగా నుండి, మిక్కిలి నొప్పి కలుగును. చర్మమంతయు కాలినచో ఆ భాగము తెల్లగానో గోధుమరంగుగానో తోలువలె గట్టిపడును. అచ్చట నొప్పి తెలియదు, ఏలయన నొప్పిని తెలుపు నరములే కాలిపోయినవి. నొప్పి లేదని సంతోషించుట ఇచ్చట పెద్ద పొరపాటు. నొప్పిలేని గాయమే అత్యంత లోతైనది కావచ్చును.

మూడవది విస్తీర్ణము. గాయపడినవాని అరచేయి, వ్రేళ్లతో కూడ, అతని శరీరములో ఇంచుమించు నూటికి ఒక పాలు. చిన్న గాయములను దీనితో కొలువవచ్చును. పెద్ద గాయములకు "తొమ్మిది లెక్క" కలదు. దీనిని 1951లో ఎడింబరో శస్త్రవైద్యుడు వాలెస్ ప్రచురించెను. తల 9, ఒక్కొక్క చేయి 9, మొండెము ముందుభాగము 18, వెనుకభాగము 18, ఒక్కొక్క కాలు 18, మర్మస్థానము 1 – మొత్తము 100. పసిబిడ్డల తల పెద్దది గనుక దానికి సుమారు 18 లెక్కింతురు, కాళ్లకు తగ్గింతురు. కేవలము ఎఱ్ఱబడిన చర్మమును ఈ లెక్కలో చేర్చరు.

గంటను గుర్తుంచుకొనుట

విస్తారముగా కాలినవాని రక్తనాళములనుండి ద్రవము బయటకు ఊరిపోవును. పెద్దలకు నూటికి 15 పాళ్లు, పిల్లలకు 10 పాళ్లు మించినచో సాధారణముగా సిరలద్వారా ద్రవము ఎక్కింతురు. 1968లో డల్లాస్ నగరపు పార్క్‌లాండ్ ఆసుపత్రి వైద్యులు బాక్స్టర్, షైర్స్ ఇందుకొక లెక్క కూర్చిరి: 4 మిల్లీలీటర్లను శరీరపు బరువుతోను, కాలిన పాళ్లతోను గుణింపవలెను. 60 కిలోల మనిషికి 20 పాళ్లు కాలినచో 4,800 మిల్లీలీటర్లు. ఇందులో సగము, అనగా 2,400, మొదటి 8 గంటలలో పోవలెను. తక్కిన సగము తరువాతి 16 గంటలలో. నేడు కొందరు వైద్యులు తక్కువతో ప్రారంభించి, మూత్రపు పరిమాణమును బట్టి సవరింతురు.

ఆ 8 గంటలు ఆసుపత్రికి చేరిన వేళనుండి కాక, కాలిన వేళనుండి లెక్కింపబడును. సాయంత్రము 6 గంటలకు కాలి, 8 గంటలకు ఆసుపత్రి చేరినవానికి మిగిలినవి 6 గంటలే. కావున ఏ గంటకు కాలినదో ఇంటిలో ఒకరు కాగితముపై వ్రాసికొనవలెను. ఆ చిన్న కాగితము వైద్యునికి గొప్ప సహాయము.

ఎప్పుడు ఆసుపత్రికి

ముఖము, చేతులు, పాదములు, కీళ్లు, మర్మస్థానము కాలినను, చేతినో కాలినో చుట్టి కాలినను, గాయము తెల్లబడి తోలువలె నున్నను, విద్యుత్తుచేత గాని రసాయనముచేత గాని కలిగినను, పొగ పీల్చినను, కాలినది పసిబిడ్డయైనను, వృద్ధుడైనను, గర్భిణియైనను – ఆసుపత్రికి పోవలెను. తీవ్రమైనచో 114కు ఫోను చేసి సాము అంబులెన్సును పిలువవలెను. అది వచ్చులోపల నీరు పోయుట సాగవలెను. విద్యుత్తు గాయము పైకి చిన్నదిగా కనబడినను లోపలి కండరములను, గుండెను దెబ్బతీయగలదు. ధనుర్వాతపు సూది విషయమును వైద్యుని తప్పక అడుగవలెను.

పూర్వుల జ్ఞానము

సుశ్రుత సంహిత సూత్రస్థానమున కాలిన గాయములు నాలుగు విధములుగా చెప్పబడినవి: ప్లుష్టము, దుర్దగ్ధము, సమ్యగ్దగ్ధము, అతిదగ్ధము. పొగచేత శ్వాస చెడినవాని లక్షణములును అచ్చటనే కలవు. లోతును బట్టి గాయమును విభజించుట, పొగను వేరుగా గుర్తించుట నేటి వైద్యమునకును మూలసూత్రములే. అయితే మొదటి రకపు గాయమునకు వేడిచికిత్సనే చేయుమని, చల్లని నీరు రక్తమును గడ్డకట్టించునని ఆ గ్రంథము చెప్పినది. ఈ భాగమును నేటి పరీక్షలు అంగీకరింపలేదు. కన్నులతో చూచి నిర్ణయించుట సుశ్రుతుని మార్గము. ఆ మార్గమున నడచినవారే నేడు నీటిని విధించినారు. పెద్దలనుండి నేర్చిన దానిని పరీక్షించి, మేలైనదానిని నిలుపుకొనుట పెద్దలకు అవమానము కాదు.

అభ్యాసము

1. కాలిన గాయముపై ఎంతసేపు నీరు పోయవలెను? మంచుగడ్డను ఏల పెట్టరాదు?
2. నొప్పిలేని గాయము ఏల అపాయకరము?
3. ఒకనికి ఒక చేయి పూర్తిగాను, మొండెము ముందుభాగమంతయు కాలినవి. తొమ్మిది లెక్కప్రకారము నూటికి ఎన్ని పాళ్లు?
4. 50 కిలోల మనిషికి 27 పాళ్లు కాలినచో పార్క్‌లాండ్ లెక్కప్రకారము ద్రవము ఎంత? మొదటి 8 గంటలలో ఎంత?
5. ఈ పాఠమును ఇంటిలోని పెద్దవారికి చదివి వినిపింపుము. వంటింటి కుళాయి దగ్గర "20 నిమిషములు – 114" అని వ్రాసి అంటింపుము.