సినిమాకు ముందు వచ్చే కాగితం

సినిమా మొదలవడానికి ముందు తెర మీద ఒక కాగితం కనిపిస్తుంది. సినిమా పేరు, భాష, నిడివి, తేదీ, కింద సంతకాలు, అన్నిటికన్నా పెద్దగా ఒకటో రెండో అక్షరాలు. అప్పటికి హాల్లో ఈలలు మొదలై ఉంటాయి. కొందరు ఇంకా చీకట్లో సీట్లు వెతుక్కుంటూ ఉంటారు. ఆ కాగితాన్ని చదివేవాళ్ళు తక్కువ. మన పాఠం దాని గురించే.

దీనికి తెలుగు పేజీల్లో చోటెందుకు అని మీరు అడగవచ్చు. నిమ్‌పురాలో ఉండేవాళ్ళకు కారణం తేలిగ్గానే తెలుస్తుంది. బడిలో హిందీ, ఇంగ్లీషు. బజారులో బెంగాలీ. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చి ఖరగ్‌పూర్‌లో స్థిరపడిన కుటుంబాలు ఇక్కడ చాలా ఉన్నాయి. ఆ ఇళ్ళలో తెలుగు ఇంకా వినిపిస్తుంది. కానీ మీలో చాలామంది నాన్నగారికో అమ్మగారికో బదిలీ అయితే వచ్చినవాళ్ళు. మూడేళ్ళకో నాలుగేళ్ళకో ఇంకో ఊరు. మీకు తెలుగు అంటే అమ్మమ్మ ఫోను, సెలవుల్లో ఊరు, మిగతాదంతా సినిమా. కొత్త తెలుగు మాట మీ ఇంట్లోకి వచ్చే పెద్ద దారి అదే. ఆ దారిలో ఉన్న గేటు మీద ఏం రాసి ఉందో చదవడం రావాలి కదా.

గేటు ఎవరిదో ముందు చూద్దాం. 1952లో వచ్చిన సినిమాటోగ్రాఫ్ చట్టం ప్రకారం మన దేశంలో ఏ సినిమా అయినా హాల్లో ఆడాలంటే కేంద్ర బోర్డు ఇచ్చే సర్టిఫికెట్ ఉండాలి. అందరూ 'సెన్సార్ బోర్డు' అంటారు గానీ, 1983లోనే దాని పేరులోంచి సెన్సార్ అన్న మాట తీసేసి 'సర్టిఫికేషన్' అని పెట్టారు. అంతకు ముందు రెండే రకాలు: అందరూ చూడదగ్గ 'యు', పెద్దలకు మాత్రమే 'ఏ'. 1983లో మధ్యలో 'యుఏ' వచ్చింది, పన్నెండేళ్ళ లోపు పిల్లల విషయంలో తల్లిదండ్రులు ఆలోచించుకోవాలి అని. డాక్టర్ల వంటి ప్రత్యేక వర్గాల కోసం 'ఎస్' కూడా అప్పుడే వచ్చింది. అది మనకు ఎక్కడా తగలదు.

ఈ యుఏ చాలాకాలం మరీ పెద్ద సంచిలా ఉండేది. ఎనిమిదేళ్ళ పాప కొంచెం జడుసుకునే దెయ్యం సినిమా, పదిహేనేళ్ళవాడు కూడా కళ్ళు మూసుకునే నరుకుళ్ళ సినిమా రెండూ అందులోనే పడేవి. 2023లో చట్టాన్ని సవరించారు, 2024 మార్చిలో కొత్త నియమాలు వచ్చాయి. ఇప్పుడు యుఏ మూడు మెట్లు: యుఏ 7+, యుఏ 13+, యుఏ 16+. ఇక్కడ ఒక తేడా గుర్తుపెట్టుకోండి. యుఏ పక్కన ఉన్న అంకె మీ అమ్మానాన్నలకు ఇచ్చే సలహా. పదకొండేళ్ళ పిల్లవాణ్ణి తీసుకుని 13+ సినిమాకు వెళ్తే గేటు దగ్గర ఆపాలని చట్టం చెప్పదు. 'ఏ' అలా కాదు. పద్దెనిమిది నిండనివాళ్ళను లోపలికి పంపితే హాలు యజమాని మీద కేసు పెట్టవచ్చు. 2023 డిసెంబరులో వచ్చిన 'సలార్' సినిమాకు 'ఏ' వచ్చింది. ప్రభాస్ అభిమానుల్లో బడి పిల్లలు ఎంతమందో మీకు నేను చెప్పాలా! పోస్టరు మీద ఆ చిన్న అక్షరాన్ని ముందే చూసుకున్న ఇళ్ళలో గొడవ ఇంట్లోనే అయిపోయింది. చూసుకోనివాళ్ళకు అది హాలు మెట్ల మీద తెలుస్తుంది.

అక్షరం, అంకె 'ఎవరికి' అని చెప్తాయి. 'ఎందుకు' అన్నది వేరే. ఆ సంగతి ఫోనులోనూ టీవీలోనూ చూసే ఓటీటీ సినిమాల్లో బాగా కనిపిస్తుంది. 2021 నియమాల ప్రకారం అక్కడ వయసుతో పాటు కారణం కూడా చూపించాలి. బొమ్మ మొదలవగానే మూలన రెండు మూడు మాటలు వచ్చి మాయమవుతాయి: హింస, బూతులు, మత్తు పదార్థాలు, భయం కలిగించే దృశ్యాలు, అలాంటివి. 13+ నుంచి పైవాటికి పెద్దవాళ్ళు తాళం వేసుకునే ఏర్పాటు కూడా ఉండాలి. నన్నడిగితే అంకె కన్నా ఈ మాటలే ముఖ్యం. రక్తం చూస్తే తల తిరిగే పదిహేనేళ్ళ అమ్మాయి ఉంటుంది, రక్తం అంటే నవ్వేసి కుక్క చచ్చిపోతే రెండు రోజులు అన్నం తిననివాడూ ఉంటాడు. వాళ్ళిద్దరి గురించి 16+ అన్న అంకెకు ఏమీ తెలియదు. కారణం చదివితే ఎవరి సంగతి వాళ్ళు తేల్చుకోవచ్చు.

ఆ కారణాలు ఏ భాషలో ఉంటాయి అన్నది ఇంకో చిక్కు. సర్టిఫికెట్ మీద హిందీ, ఇంగ్లీషు ఉంటాయి. ఇంట్లో తెలుగు మాత్రమే చదివే నానమ్మ ఉంటే దాన్ని మీరే చదివి చెప్పాలి. పొగాకు హెచ్చరిక మాత్రం సినిమా భాషలోనే ఉండాలని నియమం. 2012 అక్టోబరు 2 నుంచి, పొగ తాగే దృశ్యాలున్న సినిమాకు మొదట్లోనూ మధ్యలోనూ హెచ్చరిక చిత్రాలు వేయాలి, సిగరెట్టు కనిపించినంతసేపూ తెర కింద అక్షరాలు నడవాలి. అలా హాల్లో పదేపదే విన్న 'ఈ నగరానికి ఏమైంది' అన్న ప్రశ్న తెలుగువాళ్ళ నోళ్ళలో ఎంతగా నానిందంటే, 2018లో తరుణ్ భాస్కర్ తన సినిమాకు అదే పేరు పెట్టేశారు. సొంత భాషలో చెప్పిన హెచ్చరిక నవ్వులాటగా అయినా సరే గుర్తుండిపోతుంది. హిందీలో ఉన్న సర్టిఫికెట్ మాటలు మనలో ఎంతమంది ఒప్పచెప్పగలరు?

మరి వయసు అంకె ఎవరు లెక్క కట్టినా ఒకటే వస్తుందా? రాదు. 2017లో 'బాహుబలి 2' మన దేశంలో యుఏగా ఆడింది. సింగపూర్‌లో అదే సినిమాకు 'ఎన్‌సీ 16' ఇచ్చారు, అంటే పదహారేళ్ళ లోపువాళ్ళకు ప్రవేశం లేదు. అక్కడ పని చేసుకునే తెలుగు కుటుంబాల్లో పదేళ్ళ పిల్లలు, విజయవాడలో తమ ఈడు పిల్లలు ఎప్పుడో చూసేసిన సినిమాకు వెళ్ళలేకపోయారు. యుద్ధంలో తలలు తెగడం అక్కడివాళ్ళ కంటికి యుద్ధమే. మనకు అది కొంత అమ్మమ్మ చెప్పే భారతం కథలాంటిది. ఎవరి లెక్క సరైనదో తేల్చడం నాకు చేతకాదు గానీ, మన కథల్లో కత్తి ఎక్కువని బయటివాళ్ళు చెప్తే ఒకసారి ఆగి చూసుకోవడంలో తప్పేమీ లేదు.

ఇప్పుడు మనకు చాలా దూరంలో, ఐర్లండు దీవిలో జరిగిన సంగతి. ఆ దీవికి ఐరిష్ అనే సొంత భాష ఉంది. ఇంగ్లీషు కింద నలిగిపోయి, రోజూ మాట్లాడేవాళ్ళు తగ్గిపోయారు. దీవి ఉత్తర భాగం బ్రిటన్ పాలనలో ఉంది. అక్కడ ఐరిష్‌కు చట్టం గుర్తింపు వచ్చింది 2022లోనే. అక్కడి బెల్‌ఫాస్ట్ నగరంలో ముగ్గురు కలిసి ఐరిష్‌లో ర్యాప్ పాటలు పాడుతూ పేరు తెచ్చుకున్నారు. వాళ్ళ బృందం పేరు నీక్యాప్. ముగ్గురిలో ఒకాయన బడిపంతులు. బడివాళ్ళు గుర్తుపట్టకుండా జెండా రంగుల ముసుగు వేసుకుని వేదిక ఎక్కేవాడు. వాళ్ళ కథను అదే పేరుతో రిచ్ పెప్పియాట్ సినిమాగా తీశారు, ముగ్గురూ తమ పాత్రలు తామే వేశారు. 2024 జనవరిలో అమెరికాలోని సన్‌డాన్స్ పండుగలో దానికి ప్రేక్షకుల అవార్డు వచ్చింది. ఆ ఏడాది ఐర్లండు దాన్నే ఆస్కార్ పోటీకి పంపింది.

అయితే ఆ కుర్రాళ్ళ పాటల్లో బూతులు దండిగా ఉంటాయి, కథలో మత్తుమందులూ అంతే. అందుకని బ్రిటన్ బోర్డు దానికి '18' ఇచ్చింది. బెల్‌ఫాస్ట్‌లో ఐరిష్ మాధ్యమం బడులు ఉన్నాయి. ఇంగ్లీషు ఊరి మధ్యలో కూర్చుని తాతల భాష నేర్చుకునే పిల్లలు వాళ్ళు, కొంచెం మనలాగే. వాళ్ళ భాషను లోకం చేత చప్పట్లు కొట్టించిన సినిమా వాళ్ళ ఊరి హాల్లోనే ఆడుతుంటే వాళ్ళు బయట ఉండాల్సి వచ్చింది. అమెరికాలో దానికి 'ఆర్' ఇచ్చారు. అక్కడ పదిహేడేళ్ళ లోపువాళ్ళు పెద్దవాళ్ళను వెంటబెట్టుకుని వెళ్ళవచ్చు. అంటే ఐరిష్ ముక్క రాని అమెరికా పిల్లవాడు నాన్న చెయ్యి పట్టుకుని ఆ సినిమా చూడవచ్చు, ఐరిష్‌లో లెక్కలు నేర్చుకునే బెల్‌ఫాస్ట్ పిల్లవాడు చూడకూడదు!

ఇందులో ఇంకో తమాషా. అమెరికా వాళ్ళు చెప్పిన కారణాల్లో 'లాంగ్వేజ్' అన్న మాట ఉంది. ఇంగ్లీషు హెచ్చరికల్లో ఆ మాటకు భాష అని కాదు, బూతులు అని అర్థం. భాషను బతికించుకోవడం గురించి తీసిన సినిమాకు 'భాష' కారణంగా గేటు పడింది. తెలుగులో ఈ తికమక రాదు. మనకు తిట్టు వేరు, బూతు వేరు. 'నీ దుంప తెగ' అని మామ్మ అంటే అది తిట్టు, అందులో సగం ముద్దు. బూతు ఏదో మీకు తెలుసు, ఇక్కడ రాయనక్కర్లేదు. ఒక్క 'లాంగ్వేజ్' కింద రెండూ కలిపేస్తే మామ్మ మాటకూ రౌడీ మాటకూ తేడా తెలియదు.

ఆ సినిమాకు 18 ఇవ్వడం తప్పని నేను అనను. మత్తుమందును సరదాగా చూపించినప్పుడు అది ఏ భాషలో ఉన్నా మత్తుమందే. చిన్న భాష కదా పోనీలే అని వదిలేస్తే ఆ భాష పిల్లలకు మేలు చేసినట్టు కాదు. కానీ ఆ పిల్లలకు కలిగిన లోటు కూడా నిజమే. దాన్ని తీర్చాల్సింది బోర్డు కాదు, అదే భాషలో వాళ్ళ ఈడుకు తగ్గ సినిమా తీసేవాళ్ళు. ఈ విషయంలో మనం చెప్పుకునేంత గొప్పగా ఏమీ లేము. తెలుగులో ఏటా వందలకొద్దీ సినిమాలు వస్తాయి, పిల్లల కోసమే తీసినవి వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. పాత్రలన్నీ పిల్లలతోనే వేయించి గుణశేఖర్ తీసిన 'రామాయణం' అలాంటి ఒకటి. జూనియర్ ఎన్టీఆర్ అందులో రాముడు. 1997లో విడుదలైంది గానీ 1996 సంవత్సరానికి ఉత్తమ బాలల చిత్రంగా జాతీయ అవార్డు అందుకుంది. సంగీతం మీద తీసిన మన గొప్ప సినిమా 'శంకరాభరణం' కూడా అంతే: విడుదల 1980 ఫిబ్రవరి 2న, జాతీయ అవార్డులు 1979 సంవత్సరానికి. ఈ వింతకు కారణం మళ్ళీ మన కాగితమే. అవార్డుకు లెక్క విడుదల తేదీ కాదు, సర్టిఫికెట్ మీద ఉన్న తేదీ.

ఖరగ్‌పూర్‌లో మీకు పనికొచ్చే సంగతి ఇంకొకటి. డబ్బింగ్ సినిమాకు సర్టిఫికెట్ వేరుగా ఉండవచ్చు. మీ బెంగాలీ స్నేహితుడు హిందీలో చూసిన సినిమా, మీరు ఇంట్లో తెలుగులో చూసిన సినిమా బొమ్మకు ఒకటే గానీ కాగితానికి రెండు కావచ్చు. ఒక భాషలో మూగబోయిన మాట ఇంకో భాషలో వినబడవచ్చు. ఇంగ్లీషు అక్షరాలు చదువుతూ చూసే స్నేహితురాలికి అసలు మాటలోని ఘాటు తగలకపోవచ్చు, పక్కన కూర్చున్న మీకు నేరుగా చెవిలో పడుతుంది. 'ఏం లేదులే' అని ఆ అమ్మాయి అన్నా, మీకు ఇబ్బందిగా అనిపించడంలో వింత లేదు.

చేసి చూడండి: ఒక నోటుపుస్తకంలో నాలుగు గళ్ళు గీయండి. సినిమా పేరు, భాష, అక్షరమూ అంకె, కారణాలు. ఈ రెండు నెలల్లో చూసే ప్రతి సినిమాకూ వాటిని నింపండి. ఒకే సినిమా తెలుగులోనూ హిందీలోనూ దొరికితే రెండు వరుసలు రాసి పోల్చండి. 'తిట్టు', 'బూతు' అన్న రెండు మాటలకు బెంగాలీలోనూ వేరు వేరు మాటలు ఉన్నాయేమో తరగతిలో అడిగి పక్కన రాసుకోండి. చివరి గడిని మాత్రం తెలుగులోనే నింపాలి. 'వయొలెన్స్' అని తెలుగు అక్షరాల్లో రాసి ఊరుకుంటే ఒప్పుకోం. తలలు నరికారా, తలుపు దబదబా బాదారా, అదీ రాయండి.