చదరంగం గడుల్లో ఇరవై అంకెల సంఖ్య

దాతలు ఈ ఏడు మన కోదాడ పిల్లలకిచ్చిన నోటు పుస్తకాల్లో ఒకటి సగం వరకు ఒకే లెక్కతో నిండిపోయింది. అదేం లెక్కో మీకు చెప్పడం నా బాధ్యత.

చదరంగం బల్ల మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు, ఇలా రెట్టింపు చేస్తూ పోతే 64 గడుల్లో మొత్తం ఎన్ని? అల్‌బీరూనీ సుమారు 1000వ సంవత్సరంలో అరబ్బీలో ఈ లెక్క చేసి చూపాడు. తెలుగులో 11వ శతాబ్ది గణితకవి పావులూరి మల్లన పేర ఒక పద్యమే ఉంది. అందులో అంకెలకు బదులు మాటలుంటాయి: చంద్రుడంటే 1, వేదాలంటే 4, బాణాలంటే 5, ఆకాశమంటే సున్న. మొదటి మాట ఒకట్ల స్థానం. నకలు రాసేవాడు ఒక మాట వదిలితే ఛందస్సు కుంటుతుంది, తప్పు దొరికిపోతుంది. ఎంత తెలివైన ఏర్పాటో!

జవాబు 1,84,46,74,40,73,70,95,51,615. వెయ్యి బియ్యపు గింజలు 20 గ్రాములనుకుంటే ఇది 36 వేల కోట్ల టన్నులు దాటుతుంది. మిర్యాలగూడ మిల్లుల మాట అటుంచి, ప్రపంచమంతా వందల ఏళ్లు పండించినా చాలదు.

సెల్‌ఫోన్ కాలిక్యులేటర్ చివరి అంకెలు చూపలేదని, సాయంత్రం ట్యూషన్‌కు వచ్చే తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె చేత్తోనే చేసింది. 65వ గడి ఉంటే అందులో ఎన్ని పడతాయో కట్టి ఒకటి తీసేస్తే మొత్తం వస్తుంది (1+2+4 అంటే 8లో ఒకటి తక్కువ). రెండు సాయంత్రాలు పట్టింది. చివర 615కు బదులు 625 వచ్చింది. "మళ్లీ మొదటినుంచి చేయాలా సార్?" అంది, కళ్లలో నీళ్లతో.

అక్కర్లేదమ్మా అన్నాను. గడులను జంటలుగా చూడు: 1+2=3, 4+8=12, 16+32=48. ప్రతి జంటా 3తో భాగింపబడుతుంది, కాబట్టి మొత్తమూ భాగింపబడాలి. నీ అంకెల మొత్తం 88, అది 3తో పోదు. సరైన సంఖ్యకు 87. తప్పు ఉందని తేలింది, ఇక వెనకనుంచి వెతుకు. చిట్టచివరి రెట్టింపులోనే దొరికింది: 8 రెండ్లు 16, చేతిలో మిగిలిన 1ని రెండుసార్లు కలిపింది.

ఆ తర్వాత తనే ముందుకు వెళ్లింది. బల్లపై మొదటి వరుస ఎనిమిది గడుల మొత్తం 255. కింది వరుసలన్నీ దాని గుణిజాలే. 255 అంటే 3×5×17 కాబట్టి ఈ మూడూ పెద్ద సంఖ్యకు కారణాంకాలే. వర్గాల భేదం సూత్రంతో విడగొడితే 257, 65,537 కూడా బయటపడతాయి. మిగిలేది 429,49,67,297. ఇది ప్రధాన సంఖ్యేనని 17వ శతాబ్దంలో ఫెర్మా అంతటివాడు నమ్మాడు. 1732లో ఆయిలర్ కాదని తేల్చాడు. దీనికి ప్రధాన కారణాంకం ఉంటే, దాన్ని 64తో భాగించినప్పుడు శేషం 1 రావాలని ఆయన పద్ధతి. అలాంటి ప్రధాన సంఖ్యలు వరుసగా 193, 257, 449, 577, 641.

నోటు పుస్తకంలో ఆ అయిదు భాగహారాలూ ఉన్నాయి. నాలుగింటికి శేషం మిగిలింది. అయిదోదాని కింద 67,00,417 అని రాసి, శేషం సున్న చుట్టూ ఎర్ర పెన్నుతో రెండు గీతలు గీసింది.